ఉప్పు నేల మీద తేలిక బండి

వెనుక చక్రం ఉప్పును తవ్విపోసింది గాని బండిని ముందుకు తోయలేదు. క్లైవ్ పాస్కో దాన్ని తోసుకుంటూ గుడారానికి తిరిగివచ్చాడు.

ఈ గైర్డ్‌నర్ ఎండిన ఉప్పుసరస్సు మీద జరిగే మోటారుసైకిల్ వేగపు పందేల్లో ఏటా పక్క గుడారపు లెన్ హార్టిగ్‌దే గెలుపు. ఒక్కసారైనా అతణ్ణి మించాలని క్లైవ్ తన పాతకాలపు బండిని చలికాలమంతా చెక్కి తేలిక చేశాడు. ఇనుప ట్యాంకు తీసేసి చిన్న అల్యూమినియంది పెట్టాడు, కనిపించిన ప్రతి రేకుకూ బెజ్జాలు కొట్టాడు.

"బండి కట్టావా, జల్లెడ చేశావా?" అన్నాడు లెన్.

క్లైవ్‌కు ఒళ్లు మండింది. "నీది తేలిక కాదేంటి? నిరుడు ఒంటిచేత్తో నెట్టుకుపోయావు, చూశాన్లే!"

"చదును నేలరా ఇది, లారీ అయినా కదులుతుంది. ఏదీ, ఎత్తి చూడు."

లెన్ బండిని వెనుక వైపు పట్టుకుని క్లైవ్ బలమంతా పెట్టినా అది లేవలేదు. సీటు కింద సీసపు దిమ్మలు బిగించి ఉన్నాయి.

"ఉప్పు మీద టైరుకు పట్టు కావాలి. బరువుంటేనే పట్టు. ఇన్నేళ్లూ పక్కనే ఉన్నావు, అడిగితే చెప్పనట్రా?"

దొంగచూపులు చూడటమే గాని అడగాలని క్లైవ్‌కు ఎన్నడూ తోచలేదు.

లెన్ రెండు దిమ్మలు విప్పి అతని చేతుల్లో పెట్టాడు. "ఆఖరి పరుగు ఉందిగా, కానివ్వు."

"మరి నీ వేగం తగ్గదూ?"

"తగ్గుతుంది."

ఇంత సులువుగా ఇవ్వగలిగినందుకు క్లైవ్‌కు అతని మీద మళ్లీ ఈర్ష్య కలిగింది. అయినా నోరు తెరిచి అడిగాడు:

"ఎక్కడ బిగించమంటావు?"