అరువు ఉంగరం

“మా అమ్మమ్మ ఉంగరం ఇచ్చెయ్యి. పెళ్లి పూటకి మావాడికి అరువిచ్చానంతే,” అంది అత్తగారు ఫ్రీదా, నోరా అందించిన మాతే టీ కప్పు పక్కకి నెట్టి.

ఆమె కొడుకు బెర్నార్డో వేరే కాపురం పెట్టి కూడా, నోరాకి మళ్లీ పెళ్లి కాకూడదని విడాకుల పత్రం ఇవ్వడం లేదు; యూదుల ఆచారంలో అది భర్తే ఇవ్వాలి.

నోరా సొరుగులోంచి ఉంగరం తీసి బల్లమీద పెట్టింది.

“నిజంగా అరువేనా అత్తయ్యా?”

“కాకపోతే? దానమిచ్చాననుకున్నావా?”

“ఈ మాటే మన మతగురువు రబ్బీగారి ముందు చెప్పండి. మన ధర్మంలో పెళ్లికొడుక్కి సొంతం కాని ఉంగరం తొడిగితే అది పెళ్లే కాదు. ఇక మీవాడి విడాకులతో నాకు పనిలేదు.”

ఉంగరం అందుకోబోయిన ఫ్రీదా చెయ్యి ఆగిపోయింది. దాన్ని కోడలి వైపు తోసింది.

“అరువేమిటే పిచ్చిదానా! ఆనాడే వాడికి ఇచ్చేశానుగా. వేలికి పెట్టుకో.”