చుక్కల పెట్ట బడిలో కొత్త పిల్ల

పెంటకుప్ప పక్కన చుక్కల పెట్ట పసిపిల్లల బడి నడిపేది. పదకొండు మంది పిల్లలు, ఒకటే పాఠం: గద్దని చూసి పంతులమ్మ "కెక్" అనగానే వచ్చి రెక్క కింద దూరాలి.

ఆ బడిలో గవ్వ అనే కోడిపిల్ల చేరబోతోందని తెలిసింది. గవ్వకి పుట్టు చెవుడు. చుక్కల పెట్ట గుండెల్లో రాయి పడింది. దానికి తోడు బాతమ్మ వచ్చి గొడవ: "ఆ పిల్లకి చెప్పిందే చెబుతూ కూర్చుంటే మా వాడి చదువేం కాను, పంతులమ్మగారూ?"

"ఇలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో నాకు మాత్రం ఎవరు నేర్పారమ్మా! ఇంకాస్త గట్టిగా అరవాలేమో," అంది పెట్ట. ఆ సాయంత్రమంతా గోడెక్కి అరవడం సాధన చేసింది. తెల్లారేసరికి గొంతు పూర్తిగా పోయింది.

గవ్వ వచ్చి చేరి బడి మొదలైందో లేదో గద్ద రానే వచ్చింది. పెట్ట నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. పదకొండు మందీ హాయిగా కుప్ప గీరుతూనే ఉన్నారు. ఎప్పుడూ ఎదుటివాళ్ళ మొహం చూసే అలవాటున్న గవ్వ మాత్రం పంతులమ్మ మెడ ఈకలు నిక్కబొడుచుకోవడం చూసి, ఒక్క పరుగున రెక్క కింద దూరింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ బిలబిలమంటూ దూరారు. అందరికన్నా చివర దూరింది బాతమ్మ కొడుకు.

సాయంత్రం బాతమ్మ వచ్చింది. "ఎలా ఉంది, ఆ వినపడని పిల్లతో?"

"ఒక్క పిల్లేమిటమ్మా," అంది పెట్ట పీలగొంతుతో. "ఇవాళ వినపడనివాళ్ళు పదకొండు మంది తేలారు. మీ వాణ్ణి గవ్వ పక్కన కూర్చోబెట్టాను. చూసి నేర్చుకుంటాడు."