లోపలి ఆడగొంతు

ఫోన్లకీ ఇంటర్నెట్టుకీ రూళ్లు రాసే కమిటీ గది అది. దాని తలుపు పక్కనున్న బెంచీ మీద హలోమ్మ పొద్దుటినుంచీ కదలకుండా కూర్చుంది.

అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో! వీధి వీధంతా హలోమ్మ అనే పిలుస్తారు. తల నెరిసేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు మరి. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, గొంతు విని మనిషిని చెప్పేసేది. ఈయన అప్పులవాళ్లకి దొరక్కుండా తిరుగుతున్నాడు, ఈవిడ మొగుడితో పోట్లాడి ఫోనెత్తింది, ఇలా. ఏనాడూ తప్పు పోలేదని ఆవిడ గొప్ప.

ఇవాళ వచ్చింది మనవరాలి కోసం. ఎవడో దౌర్భాగ్యుడు పిల్ల మొహం తీసి వేరే ఒంటికి అతికించి, ఆ ఫొటోని ఊరందరి ఫోన్లలోకీ వదిలాడు. పిల్ల కాలేజీ మానేసింది. కిటికీ తియ్యనివ్వదు. అన్నం కంచం గుమ్మం దగ్గర పెడితే, తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటికి పెట్టి తీసుకుంటుంది. ఆ ఫొటో తీసెయ్యండి మొర్రో అని ఇంటర్నెట్టు కంపెనీవాళ్లని అడిగితే, అలాంటి రూలు లేదన్నారు. ఆ రూలే ఇవాళ తేలాలి. ఆడపిల్ల ఫిర్యాదు చేసిన రోజే ఫొటో తీసెయ్యాలా, విచారణంతా అయ్యాక తియ్యాలా?

"ఒక్క మాట చెప్పుకుంటాను బాబూ, లోపలికి రానివ్వండి" అని పొద్దున అధ్యక్షుణ్ణి కాళ్లావేళ్లా పడి బతిమాలింది.

"ఆడవాళ్ల తరఫున లోపల మేడమ్ ఉన్నారుగా. అన్నీ ఆవిడ చూసుకుంటారు" అని ఆయన టై సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

హలోమ్మకి ప్రాణం లేచొచ్చింది. మనదీ ఒక గొంతు లోపలుందన్నమాట!

టీ ట్రేతో తిరిగే అటెండరు తలుపు ఓరగా వదిలేశాడు. మనుషులు కనపడరు గానీ మాటలు వినపడుతున్నాయి. అన్నీ మగగొంతులు. వాటి మధ్య, అదుగో, ఒక్క ఆడగొంతు. వడగట్టిన మంచినీళ్లలా ఉంది. హలోమ్మ కళ్లు మూసుకుని చెవి ఒగ్గింది. నలభై దాటి ఉండవు. బాగా చదువుకున్న పిల్ల. రాత్రి కంటినిండా నిద్రపోయింది. ఇంట్లో పసివాళ్లు లేరు, మంచాన పడ్డ అత్తగారూ లేరు. అదృష్టవంతురాలు!

"తమ్ముడూ, ఆ అమ్మాయికి టీ ఇచ్చావా?"

"ఆవిడ టీ తాగరక్కా."

"మంచి అలవాటే. మనిషెలాంటిది?"

నెరిసిన మీసాల అటెండరు అటూ ఇటూ చూశాడు. "నోట్లో నాలుక లేదు. సెలవడగరు, పిల్లాడికి జ్వరమనరు. ఇదివరకు ఒకావిడ ఉండేది. బాబోయ్, ప్రతిదానికీ 'ఆగండి, నా మాట వినండి' అనేది. అధ్యక్షులవారి తలనొప్పి మాత్రలు నా జేబులోనే ఉండేవి. రూలు ప్రకారం ఒక్క ఆడగొంతైనా ఉండాలిగా. అందుకని ఆవిణ్ణి పంపించేసి ఈవిణ్ణి తెచ్చుకున్నారు. ఇప్పుడు మీటింగులు భోజనాల వేళకే అయిపోతున్నాయి."

"నా మనవరాలి సంగతి ఆవిడ చెవిన వెయ్యి నాయనా."

అటెండరు ట్రే చెయ్యి మార్చుకున్నాడు. "వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటేనక్కా."

"అదేం మాటా! సాటి ఆడదానికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వెళ్లు, వెళ్లు."

అతను వెళ్లాడు. కాసేపటికి లోపల్నించి అధ్యక్షుడి గొంతు వినపడింది. "బయట ఎవరో ముసలావిడట, మనవరాలి ఫొటో అంటోందట. ఏడ్చినవాళ్లందరి కోసం రూలు రాస్తూ కూర్చుంటే కంపెనీలు మూసుకోవాలి." అందరూ నవ్వారు. "సరే, మహిళా సభ్యురాలి మాట కూడా రాసుకోవాలి కదా. విచారణ అయ్యాకే తియ్యాలని మేమంతా అనుకుంటున్నాం. మీరేమంటారు మేడమ్?"

హలోమ్మ చెవిని తలుపు సందుకి ఆనించింది.

"సభ్యుల ఆలోచన సమంజసంగా ఉంది. నాకు అభ్యంతరం లేదు." ఆ గొంతు రెప్పపాటైనా తటపటాయించలేదు.

"ఏకగ్రీవం!" అని బల్లలు చరిచారు.

హలోమ్మ బెంచీ మీద వెనక్కి జారబడింది. చావు కబుర్లు చెప్పే గొంతులు కూడా విన్నదావిడ. వాటిలోనూ ఎక్కడో ఒక చోట చిన్న వణుకుండేది. ఇప్పుడు ఇంటికెళ్లి ఆ మూసిన తలుపుకి ఏం చెప్పాలి? ఇంకెన్నాళ్లని ఆ చెయ్యి మాత్రమే చూడాలి?

మగవాళ్లు ఫోన్లు చూసుకుంటూ, ఎక్కడ భోంచేద్దామని మాట్లాడుకుంటూ బయటికొచ్చేశారు. ఆడమనిషి మాత్రం రాలేదు.

నా మొహం చూడలేక ఆగిపోయిందనుకుంది హలోమ్మ. ఆడపుట్టుక పుట్టి ఎలా అనగలిగింది ఆ మాట! నాలుగు దులిపేద్దామని లేచింది. లేచి నిలబడేసరికే కోపం సగం కరిగింది. పాపం, ఒంటరిది. అంతమంది మగాళ్ల మధ్య ఏం నోరు పెగులుతుంది? ముందే బెదిరించారేమో. ఇప్పుడు కుర్చీలో కూలబడి ఏడుస్తోందో ఏమో.

"అమ్మాయ్, నిన్ను తిట్టడానికి రాలేదమ్మా. మా పిల్ల కథ ఒక్కసారి విను, చాలు. వచ్చే మీటింగులోనైనా..." అంటూ, ఆవిడ చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాపి మరీ లోపలికి అడుగుపెట్టింది.

'మహిళా సభ్యురాలు' అన్న పలక ముందు కుర్చీలో మనిషి లేదు. ఏమడిగినా ఆడగొంతుతో జవాబు చెప్పే మిషనొకటి బల్ల మీదుంటే, అటెండరు దాని ప్లగ్గు పీకి, వైరు చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు.