ఒక తల ఎక్కువ

నీళ్ల ట్యాంకరు ఎనిమిదింటికల్లా వచ్చిందో లేదో చూడాలి.

రెండు వరసల మధ్య తాడు కట్టించాలి. ఎడమవైపు శరణార్థులు, కుడివైపు ఈ వీధులవాళ్లు.

రెండు భాషల్లోనూ బోర్డులు రాయించాలి.

సబ్బులు, దుప్పట్లు రెండు వైపులా సమానంగా పెట్టించాలి. సమానంగా ఉంటే చాలదు, సమానంగా కనబడాలి కూడా.

డాక్టరుగారికి కుర్చీ, ఫ్యాను.

అన్నిటికంటే ముఖ్యం, తలల లెక్క.

ఆ చివరి మాట కింద కోఆర్డినేటరు రెండు గీతలు గీసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ లెక్కపెట్టే తలలూ, వరసల్లో ఉన్నవాళ్ల కార్డులూ సరిపోవాలి. ఈ లెక్క మొదలుపెట్టిన రెండు వారాలుగా ఒక తల ఎక్కువొస్తోంది. మూడోసారి కూడా తేడా వస్తే సహాయ కేంద్రం మూసేస్తామని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇవాళ పదకొండింటికి తనిఖీ.

కేంద్రం మూతపడితే రెండు వైపులవాళ్లకీ నీళ్లుండవు, డాక్టరుండడు.

ఆమె గేటు దగ్గరికి వెళ్లింది.

"రెండొందల పదమూడు, మేడం," అన్నాడు వాచ్‌మన్.

"కార్డులు రెండొందల పన్నెండే కదా."

"మళ్లీ ఒకటి ఎక్కువ. దయ్యమేమో."

"జోకులొద్దన్నా. పదకొండింటికి తనిఖీ."

ఆమె ఒక్కొక్కరి చేతిలో కార్డు చూసుకుంటూ నడిచింది. తాడు దగ్గర నల్ల గొడుగొకటి కనిపించింది. గొడుగు కింద ఒక పెద్దావిడ. ఒక కాలు తాడుకి ఇటు, ఒక కాలు అటు.

"పెద్దమ్మా, మీ కార్డేదీ?"

"నాకెందుకమ్మా కార్డు? నేనేం తీసుకోను కదా."

"మరి వరసలో ఎందుకున్నారు?"

"ఊరికే. నలుగురితో కాసేపు మాట్లాడదామని."

"కబుర్లు చెప్పుకోడానికి ఇదేమన్నా పార్కా?"

"పార్కులో ఎవరూ పోట్లాడుకోరు కదమ్మా," అంది పెద్దావిడ నవ్వుతూ.

కోఆర్డినేటరు గడియారం చూసుకుంది. పది ఇరవై.

"మీకు పుణ్యం ఉంటుంది, బయటికెళ్లండి. మీ ఒక్కరి వల్ల ఇంతమంది నోట్లో మట్టి పడుతుంది."

పెద్దావిడ నవ్వు ఆగిపోయింది. రెండు వరసల వంకా ఒకసారి చూసింది.

"ఇవాళ ఎండ మండిపోతోంది. పైపు ముందు ఎటు తిప్పుతారు?"

"అవన్నీ మేం చూసుకుంటాం."

"సరేనమ్మా. జాగ్రత్త."

గొడుగు మడవకుండానే ఆవిడ గేటు దాటింది.

"రెండొందల పన్నెండు," అన్నాడు వాచ్‌మన్.

మూడు వారాల్లో మొదటిసారి లెక్క సరిపోయింది. ఆమె రిజిస్టర్లో పెన్నుతో గట్టిగా రాసుకుంది.

అరగంట గడిచింది.

ఎడమవైపు నీళ్ల డబ్బా ఒకటి జరిగి కుడివైపు డబ్బాకి తగిలింది. అంతే.

"మీరు రాకముందు ఈ వీధిలో క్యూలే లేవు," అన్నాడు కుడివైపున్న టైలరు.

"మీ ఎండలో నిలబడతామని మేమేం మొక్కుకుని రాలేదు," అన్నాడు ఎడమవైపున్న లెక్కల మాస్టారు, ఏడాదిగా నేర్చుకున్న ఇక్కడి భాషలో.

అలాంటి మాటలు ప్రతి వారం లేచేవి. ప్రతి వారం ఎలాగో అణిగిపోయేవి. ఆ 'ఎలాగో' ఏమిటని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇవాళ అణగలేదు.

మాటకి మాట పెరిగింది. తాడు తెగింది. బల్ల బోర్లాపడింది. కార్డులు కాళ్ల కింద నలిగిపోయాయి. డాక్టరుగారు మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని గోడకి అతుక్కుపోయారు.

తనిఖీ కారు సరిగ్గా అప్పుడే గేట్లోకి వచ్చింది.

తలల లెక్క సరిపోయిన రోజునే కేంద్రం మూతపడింది.

మర్నాడు ఆమె నలిగిన కార్డులు సంచిలో వేసుకుని, ఎవరివి వాళ్లకి ఇచ్చేందుకు బయల్దేరింది.

టైలరు మిషను తొక్కడం ఆపి తల దించుకున్నాడు.

"నిన్న ఆ గొడుగావిడ లేదు మేడం. ఉంటే ఇంతదాకా రాకపోను."

"ఆవిడేం చేసేది?"

"చేసేదేముంది? 'మావాళ్లు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చారు నాయనా, మాట తూలతారు, మనసులో పెట్టుకోకు' అని చెయ్యి పట్టుకునేది. అంత పెద్దావిడ అలా అంటే ఇంక నోరెలా లేస్తుంది?"

"అంటే ఆవిడ శరణార్థా?"

"కాదా మరి? మన భాష మాత్రం భలే పట్టేసింది."

ఆమె వెనక వీధిలోని లెక్కల మాస్టారి గదికి వెళ్లింది.

"శరణార్థా?" మాస్టారు తెల్లబోయాడు. "ఆవిడ ఇక్కడి మనిషి కదండీ. 'మావాళ్ల నోరే అంత బాబూ, వాళ్లకీ ఇంట్లో చుక్క నీళ్లుండవు, మనసులో పెట్టుకోకండి' అని మా భాషలోనే బతిమాలేది. పాపం, మాకోసం నేర్చుకుందనుకున్నాం."

ఆమె మాస్టారి కార్డు సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం రెండు వైపులవాళ్ల రిజిస్టర్లూ మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికింది. ఆవిడ ఎందులోనూ లేదు. ఇల్లెక్కడని అడిగితే టైలరు వెనక వీధి చూపించాడు, మాస్టారు ముందు వీధి చూపించాడు.

మీరెక్కడైనా మనుషుల్ని లెక్కపెడుతుంటే, ఒక తల ఎక్కువొస్తే, దాన్ని కొట్టేసే ముందు, ఇటువాళ్ల తరఫున అటూ అటువాళ్ల తరఫున ఇటూ క్షమాపణ అడిగిన ఆ గొడుగు పెద్దమ్మని ఒక్కసారి గుర్తు చేసుకోండి.