పదిమందిలో ముగ్గురు

“నా ముందు కూర్చున్న పదిమందిలో ఎనిమిదిమంది చీర కొంటారు. నీ ముందు ముగ్గురే! రేపట్నుంచి గోడౌన్ చూసుకో అమ్మాయ్,” అన్నాడు వన్ టౌన్ చీరల కొట్టు ఆదిశేషయ్య, కోడలితో.

రేణుక రూపాయి బిళ్ళ తీసింది. “ఈ పూట ఎవరొచ్చినా ఎగరేద్దాం మావయ్యగారూ. బొమ్మైతే మీకు, బొరుసైతే నాకు.”

“కానియ్!”

ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే కొనే ఉయ్యూరు వెంకటరావమ్మ వచ్చింది. బొరుసు! రేణుక విప్పిన మొదటి చీరే తీసుకుని లేచింది.

తర్వాత ఎవరో కొత్తవాళ్ళు. “మా కోడలు చూపిస్తుంది,” అని అలవాటుగా అటు పంపబోయాడు. బొమ్మ! బీరువాల్లో చీరలన్నీ దింపించి, “మళ్ళీ వస్తామండీ,” అంటూ చక్కాపోయారు.

చీరల గుట్ట వెనక ఆదిశేషయ్య చెమట తుడుచుకున్నాడు.

“ఇలాంటివాళ్ళలో ముగ్గురిచేత ఎలా కొనిపిస్తున్నావమ్మా?”