ఆగని చెయ్యి

“వణుకు తగ్గలేదు. ఇంకోసారి వేడి పెట్టాలి,” అంది డాక్టర్ థెరీస్ సామ్‌సన్, గాజు కిటికీలోంచి చూస్తూ.

“ఇప్పటికే తొమ్మిదిసార్లు పెట్టాం డాక్టర్,” అన్నాడు యంత్రం దగ్గర కూర్చున్న ఫెర్గస్.

“తెలుసయ్యా. మోతాదు మించితే నడక తూలుతుంది, మాట ముద్దయిపోతుంది. అదీ తెలుసు.”

కిటికీ అవతల బల్ల మీద ఆల్డెన్ నికిల్ పడుకుని ఉన్నాడు. లూనెన్‌బర్గ్ రేవులో నలభై ఏళ్లు లాబ్‌స్టర్లు పట్టే పడవ నడిపిన మనిషి. గుండు చేసిన తలకు పెద్ద హెల్మెట్ లాంటిది బిగించారు. కోత లేదు, కుట్టు లేదు. చెవికి వినబడని ధ్వనిని మెదడులో బఠాణీ గింజంత చోటికి గురిపెట్టి, వణుకు పుట్టించే ఆ కాస్త మేరా కాల్చేయడమే వైద్యం. రోగి మెలకువగానే ఉంటాడు.

పొద్దున గుండు గీస్తుంటే ఆయన పీలగొంతుతో అన్నాడు: “చెంచా నోటిదాకా రాకపోయినా సర్దుకుపోతానమ్మాయ్. మా వెర్నాకి పుట్టుచెవుడు. ఈ రోగం ముదిరాక, మూడేళ్లుగా నేనేం చెప్పినా అర్థం కాలేదంటుంది. ఆవిడతో మళ్లీ నాలుగు మాటలాడేట్టు చెయ్యి, చాలు.”

కాగితం మీద రాసుకుంటారు కాబోలు, రాత బాగుపడితే సరిపోతుందనుకుంది థెరీస్.

ఇప్పుడు చూస్తే ఆ కుడిచెయ్యి గాల్లోకి లేచి ఎగిరెగిరి పడుతోంది. వేళ్లు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, గడ్డానికి తగిలి వెనక్కి పోతున్నాయి. వైద్యానికి ముందు కూడా ఇంత లేదు.

“సరే, పదోది,” అంది థెరీస్.

పక్కన కూర్చున్న ఆల్డెన్ భార్య వెర్నా చటుక్కున లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలావిడ కళ్ల నిండా నీళ్లు. భయపడింది పాపమనుకుని థెరీస్ భుజం తట్టబోయింది. వెర్నా తల అడ్డంగా ఊపి, చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి గబగబా రాసింది.

“ఆపమ్మాయ్. అది వణుకు కాదు. నాతో మాట్లాడుతున్నాడు.”

థెరీస్ మళ్లీ చూసింది. ఈసారి నిదానంగా చూసింది. సైగ చేస్తూ ప్రతి వేలూ వెళ్లాల్సిన చోటికే వెళ్లి, క్షణం నిలిచి, మళ్లీ కదులుతోంది.

ఫెర్గస్ మీట మీంచి చెయ్యి తీసేశాడు. “ఇంకొక్క నిమిషమైతే మాటల్నే కాల్చేసేవాళ్లం,” అన్నాడు మెల్లగా.

థెరీస్ పుస్తకం అందుకుని రాసింది: “మూడేళ్ల తర్వాత మొదటి మాట కదా. ఏమంటున్నారు?”

వెర్నా కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని రాసింది: “నేను చేసే చేపల చౌడర్ పులుసులో ఉప్పెక్కువట. రోజూ ఇదే గోల. మూడేళ్లుగా చెప్పిందే చెబుతున్నాడు.”

థెరీస్ ఆ వాక్యాలు రెండుసార్లు చదువుకుంది. “మరి ఇన్నాళ్లూ ఆయన చెప్పేది అర్థం కాలేదన్నారటగా?” అని రాసింది.

వెర్నా గాజు వైపు ఓసారి చూసింది. ఆల్డెన్ చెయ్యి ఇంకా ఉప్పు గురించే చెబుతోంది. ఆమె అటువైపు వీపు తిప్పి, పుస్తకాన్ని గుండెకు దగ్గరగా పట్టుకుని రాసింది.

“అర్థమయ్యేదన్న సంగతి ఆయనకు మాత్రం చెప్పకు.”