పాతదా, కొత్తదా

భీంరావు పెళ్లిళ్లు తీసే కెమెరా చేతిలోంచి జారి పగిలింది. ఇంకొకటి కొనడానికి భార్య మంజులతో బాన్సువాడలోని దుకాణానికి వచ్చాడు.

ఎదురుగా రెండు కెమెరాలు, ఒకటి పగిలిన దాని మోడలే, ఇంకొకటి కొత్త మోడల్. పాత మోడల్‌ను ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. కొత్తదాన్ని తాకి వదిలేస్తున్నాడు.

"పాతదే తీసుకుంట. అలవాటైన కెమెరా," అన్నాడు చివరికి.

"వద్దు, కొత్తదే తీసుకో."

"ఎందుకే? గా పాతదాంట్ల ఫోటోలు మంచిగనే వస్తుండె గద!"

దుకాణదారు లోపలికి వెళ్లేదాకా ఆగి, మంజుల మెల్లగా అంది. "కొత్తదాంట్ల చెయ్యి వణికినా ఫోటో చెదరదంట."

భీంరావు గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. వణుకు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"ఇది తీసుకొని సీదా దవాఖానకు పోదాం," అంటూ మంజుల అతని చేతిని బయటికి తీసి గట్టిగా పట్టుకుంది.